ఏది ముందు, ఏది వెనుక? నెట్‌వర్కుల్లో గడియారాల లెక్క

1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా కొన్ని రోజులు భూమి స్వల్పంగా కంపించింది. ఇలాంటప్పుడు అందరూ మొదట అడిగేది ఎక్కడ పుట్టిందని. జవాబు చెప్పేవి నేల కదలికను పట్టే పరికరాలే అనుకుంటాం గానీ, అందులో సగం పని గడియారాలది.

భూకంపం పుట్టిన చోటు నుంచి రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి. గట్టి రాతిలో పీ తరంగం సెకనుకు సుమారు 6 కి.మీ., ఎస్ తరంగం సుమారు 3.5 కి.మీ. నడుస్తాయి. ఒక స్టేషనుకు ఈ రెండూ ఎంత ఎడంతో చేరాయో చూస్తే దూరం తేలుతుంది. ఒక సెకను ఎడం ఉంటే కేంద్రం దాదాపు 8 కి.మీ. దూరంలో ఉన్నట్టు లెక్క. ఈ ఎడాన్ని కొలిచింది ఆ స్టేషనులోని ఒకే గడియారం. అది పది నిమిషాలు వెనకబడి నడుస్తున్నా దూరం లెక్క చెడదు, ఎందుకంటే రెండు రాకలకూ అదే పది నిమిషాల తప్పు పడి కొట్టుకుపోతుంది.

చిన్న ప్రకంపనలతో వచ్చే చిక్కు వేరు. ఎస్ తరంగం ఎక్కడ మొదలైందో అప్పటికే ఊగుతున్న గీతల్లో తేల్చడం కష్టం. అప్పుడు పీ తరంగం ఏ స్టేషనుకు ముందు చేరింది, ఏ స్టేషనుకు తర్వాత చేరింది అన్నదాని మీద ఆధారపడాలి. అంటే ఒక గడియారం చెప్పినదాన్ని ఇంకో గడియారం చెప్పినదానితో పోల్చాలి. వాటిలో ఒకటి ఒక్క సెకను తప్పితే దూరం 6 కి.మీ. తప్పుతుంది. ఒక మండలంలో పుట్టిన ప్రకంపన పక్క మండలంలో పుట్టినట్టు కనిపిస్తుంది.

వేల కంప్యూటర్లు కలిసి పనిచేసే నెట్‌వర్కులన్నిటిలోనూ ఉన్న చిక్కు ఇదే. ఒకే యంత్రంలో ఒక పనికి ఎంతసేపు పట్టిందో చెప్పడం తేలిక. రెండు యంత్రాల్లో జరిగిన రెండు సంగతుల్లో ఏది ముందో చెప్పడం మాత్రం తేలిక కాదు. చాలామంది దీన్ని గడియారాలను కచ్చితంగా కలిపే పనిగా చూస్తారు. కచ్చితంగా కలపడం అన్నది అసలు జరగదు. జరిగేదల్లా, తప్పు ఇంతకంటే ఎక్కువ ఉండదని హద్దు గీయడం, ఆ హద్దుకు లోబడి పని నడుపుకోవడం.

గడియారం ఎందుకు తప్పుతుందో ముందు చూడాలి. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఉంటుంది. కరెంటు తీసేసినా అది నడుస్తూనే ఉంటుంది. అందులోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది, అందుకే దాన్ని ఎంచుకున్నారు. మామూలు స్ఫటికం పది లక్షలకు 20 పాళ్లు అటో ఇటో తప్పుతుంది. వినడానికి ఏమంత కాదనిపిస్తుంది. రోజులో 86,400 సెకన్లున్నాయి కాబట్టి ఆ తప్పు రోజుకు 1.7 సెకన్లు, నెల తిరిగేసరికి 50 సెకన్లు అవుతుంది.

దీనికి ఎండ తోడవుతుంది. ఈ రకం స్ఫటికాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగా నడిచేలా కోస్తారు. అంతకు మించి వేడెక్కినా, చల్లబడినా నెమ్మదిస్తుంది. ఉష్ణోగ్రత తేడా రెండింతలైతే మందగింపు నాలుగింతలవుతుంది. ఏసీ లేని నెల్లూరు గదిలో మే నెలలో 45 డిగ్రీలుంటే, రోజంతా అదే వేడి ఉంటుందనుకున్న లెక్కన, గడియారం రోజుకు సుమారు 1.2 సెకన్లు వెనకబడుతుంది. రొయ్యల గుంట గట్టున రేకు పెట్టెలో బిగించిన సెన్సర్ బోర్డు 60 డిగ్రీలకు చేరితే అది 3.7 సెకన్లు. రాత్రి సముద్రపు గాలికి పెట్టె చల్లబడగానే వేగం మళ్లీ మారుతుంది. రోజుకు ఇంత తప్పుతోందని చూసి అంత కలిపేస్తే సరిపోదా అనే ఉపాయం ఇక్కడ పారదు. యంత్రం నడుస్తున్నప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకునే గడియారం వేరే స్ఫటికం మీద ఆధారపడుతుంది. దాని మీద వేడి ప్రభావం ఇంకో రకంగా ఉంటుంది గానీ, తప్పు పరిమాణం ఇంచుమించు ఇదే.

బిళ్ల బ్యాటరీ అయిపోతే కథ ఇంకోలా ఉంటుంది. చాలా లైనక్స్ పరికరాలు కరెంటు వచ్చి లేవగానే తేదీ 1970 జనవరి 1, ఉదయం 5:30 అని చూపిస్తాయి. యూనిక్స్ కుటుంబపు సిస్టమ్‌లు (లైనక్స్ వాటిలో ఒకటి) కాలాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టే క్షణానికి మన గడియారంలో అదే సమయం. ఆ తేదీతో సురక్షిత వెబ్‌సైట్ దేనికి కనెక్ట్ కాబోయినా, ఆ సైటు అసలుదేనని చెప్పే డిజిటల్ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదని పరికరం తిరస్కరిస్తుంది. సరైన టైము తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్‌లో భద్రంగా ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు సరైన టైము ఉండాలి. గుంట దగ్గర పెట్టిన పరికరం కరెంటు పోయి వచ్చాక డేటా పంపడం మానేస్తే, సిగ్నల్‌ను తిట్టుకునే ముందు ఈ బ్యాటరీని చూడటం మంచిది.

ఇంతకీ సరైన టైము అంటే ఎవరిది? ఒంగోలు, నెల్లూరు రెండూ ఇంచుమించు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నాయి. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీలకు లెక్క. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే, ఏడాది సగటున సూర్యుడు ఈ రెండు ఊళ్ల నడినెత్తికి వచ్చేది పన్నెండు గంటల పది నిమిషాలకు. మార్కాపురంలో ఇంకో మూడు నిమిషాలు ఆలస్యం. ఊరికో మధ్యాహ్నం పెట్టుకుంటే రైళ్లు నడవవు కాబట్టి అప్పట్లో రైల్వేలు మద్రాసు అబ్జర్వేటరీ కాలాన్ని పట్టుకున్నాయి. గ్రీనిచ్‌కు ఐదున్నర గంటలు ముందుండే ఇప్పటి ప్రామాణిక కాలం 1906 జనవరి 1న మొదలైంది. ఇప్పుడు దాన్ని న్యూఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సీజియం అణు గడియారాలతో నిలబెడుతోంది. సూర్యుడి ప్రమేయం తగ్గి ఒప్పందం పాలు పెరిగిందన్నమాట. మరి ఢిల్లీలో ఉన్న ఆ టైమును నెల్లూరులోని యంత్రం తెలుసుకునేదెలా? సమాచారం దారిలో ఉన్నంతసేపూ కాలం ఆగదు కదా.

ఇంటర్నెట్‌లో దీనికి జవాబు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ మిల్స్ రూపొందించిన పద్ధతి ఇది. దీని తొలి ప్రమాణ పత్రం 1985లో వచ్చింది, ఇప్పుడు వాడుకలో ఉన్న నాలుగో రూపం పత్రం 2010లో. మిల్స్ 2024 జనవరిలో కన్నుమూశారు. ఫోన్లు, ఏటీఎంలు, సర్వర్లు కోట్లలో రోజూ వాడుతున్నా, ఇంత తక్కువగా పేరు వినిపించే ఆవిష్కర్త ఇంకొకరు ఉండకపోవచ్చు.

పద్ధతిని బస్సు మీద పంపే చీటీలా ఊహించుకోవచ్చు. నెల్లూరులో ఒకాయన తన గడియారంలో 9:00 అని చీటీ మీద రాసి ఒంగోలు బస్సు కండక్టరుకు ఇచ్చాడు. ఒంగోలులో అందుకున్నాయన తన గడియారం చూసి ‘చేరింది 11:40’ అని, తిరుగు బస్సుకు ఇస్తూ ‘పంపింది 11:50’ అని రాశాడు. చీటీ తిరిగొచ్చేసరికి నెల్లూరు గడియారంలో మధ్యాహ్నం 2:10. మొత్తం 5 గంటల 10 నిమిషాలు పట్టింది, అందులో పది నిమిషాలు ఒంగోలులోనే గడిచాయి. మిగిలిన ఐదు గంటలు దారి. పోను రెండున్నర, రాను రెండున్నర అనుకుంటే, చీటీ ఒంగోలు చేరినప్పుడు నెల్లూరు గడియారంలో 11:30 అయి ఉండాలి. ఒంగోలు గడియారం 11:40 చూపించింది కాబట్టి అది పది నిమిషాలు ముందుంది. ఎన్‌టీపీ చేసే లెక్క ఇంతే. నాలుగు ముద్రలు, రెండు తీసివేతలు, ఒక సగం.

బలహీనత అంతా ఆ ‘అనుకుంటే’ దగ్గర ఉంది. పోయేటప్పుడు బస్సు నాన్‌స్టాప్‌గా 2 గంటల 10 నిమిషాల్లో చేరి, వచ్చేటప్పుడు కావలిలో టీ తాగి 2 గంటల 50 నిమిషాలు తీసుకుంటే? లెక్క ప్రకారం ఒంగోలు గడియారం పది నిమిషాలు ముందు, వాస్తవానికి అరగంట ముందు. రెండు ప్రయాణాల తేడాలో సగం, అంటే ఇరవై నిమిషాలు తప్పు. నెల్లూరులో కూర్చున్నాయన ఎన్ని చీటీలు పంపినా ఈ తప్పు కనిపించదు. అన్ని బస్సులూ అలాగే పోయి అలాగే వస్తుంటే సగటు తీసినా ప్రయోజనం లేదు. కానీ ఒకటి మాత్రం ఘంటాపథంగా చెప్పగలడు. దారిలో గడిచింది మొత్తం ఐదు గంటలే కాబట్టి తన తప్పు రెండున్నర గంటలకు మించదు. నెట్‌వర్కు గడియారాల శాస్త్రంలో గట్టి నేల ఇదొక్కటే. తేడా ఎంత అన్నది అంచనా, తేడాకు హద్దు ఎంత అన్నది రుజువు.

నిజం నెట్‌వర్కులో ఈ అంకెలు మిల్లీసెకన్లకు కుదించుకుపోతాయి. ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. నెల్లూరు నుంచి ఒంగోలుకు సుమారు 120 కి.మీ. కాబట్టి 0.6 మిల్లీసెకను, ఢిల్లీకి దారి పొడవు రమారమి 2,000 కి.మీ. కాబట్టి 10 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో రూటర్లుంటాయి, కాబట్టి వాస్తవం ఇంతకంటే ఎక్కువే. ఢిల్లీ గడియారాన్ని నెల్లూరు నుంచి అడిగి తెచ్చుకున్న టైముకు, కేవలం ఆ సంభాషణ మీద ఆధారపడితే, 10 మిల్లీసెకన్ల కంటే బిగువైన హామీ ఇవ్వడం ప్రకృతి నియమాల రీత్యానే కుదరదు. అంచనా మాత్రం చాలాసార్లు ఒకటి రెండు మిల్లీసెకన్లలోపు సరిపోతుంది. ఈ రెంటినీ కలిపేసి, మా టైము మిల్లీసెకనుకు కచ్చితం అని చెప్పుకునేవాళ్లే ఎక్కువ.

దుకాణాల్లో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. నాలుగు సీసీ కెమెరాలు వీడియోను పైకి ఎక్కిస్తుంటే అప్‌లోడ్ దారి కిక్కిరిసిపోతుంది. పోయే ప్యాకెట్ 80 మిల్లీసెకన్లు క్యూలో నిలబడి, వచ్చే ప్యాకెట్ సాఫీగా వస్తే, గడియారం 40 మిల్లీసెకన్లు పక్కకు జరుగుతుంది. అందుకే ఎన్‌టీపీ ప్రోగ్రాములు వచ్చిన జవాబులన్నిటినీ సమానంగా చూడవు, అన్నిటికంటే త్వరగా తిరిగొచ్చిన వాటికే విలువిస్తాయి. ఒక్క సర్వర్‌ను నమ్ముకోవు కూడా. రెండు గడియారాలు విభేదిస్తే ఏది అబద్ధమో తేలదు. మూడుంటే మెజారిటీ తేలుతుంది. నాలుగుంటే ఒకటి పడిపోయినా ఆ మెజారిటీ నిలుస్తుంది. అణు గడియారానికో జీపీఎస్ రిసీవర్‌కో నేరుగా తగిలించిన సర్వర్ ఒకటో అంచె, దాన్ని అడిగేది రెండో అంచె, అలా పదిహేను అంచెల దాకా లెక్క ఉంటుంది. పదహారు అని చూపిస్తే ఆ యంత్రానికి టైము తెలియదని అర్థం.

తేడా తెలిశాక దాన్ని సరిచేయడంలో ఇంకో గొయ్యి ఉంది. గడియారం ముందుకు పోయిందని తెలియగానే వెనక్కి తిప్పేస్తే, అప్పుడే రాసిన రికార్డు భవిష్యత్తులో జరిగినట్టవుతుంది. గుంట నీటిలో గాలి కలిపే ఏరియేటర్‌ను 2:10:05కు వేసి, 2:10:03కు ఆపినట్టు లాగ్‌లో, అంటే యంత్రం రాసుకునే చిట్టాలో, పడుతుంది. నడిచిన సమయం మైనస్ రెండు సెకన్లు. అందుకని ఎన్‌టీపీ పాత ప్రోగ్రాము తేడా 128 మిల్లీసెకన్ల లోపుంటే గడియారాన్ని గెంతించదు, వేగాన్ని కొంచెం తగ్గించో పెంచో మెల్లగా దారికి తెస్తుంది. ఆ సవరణ పది లక్షలకు 500 పాళ్లు మించదు, కాబట్టి ఒక్క సెకను ఇలా సర్దాలంటే 2,000 సెకన్లు, అరగంట పైన పడుతుంది. తేడా వెయ్యి సెకన్లు దాటితే ఏదో పెద్ద పొరపాటుందని, మనిషే వచ్చి చూడాలని ఆ ప్రోగ్రాము ఆగిపోతుంది. ఈ మొండితనం వల్ల చికాకు పడ్డవాళ్లున్నారు గానీ, తప్పు టైమును నిశ్శబ్దంగా ఒప్పుకోవడం కంటే ఇది మేలు.

వెనక్కి నడిచే కాలం ఎంత నష్టం చేస్తుందో లీపు సెకన్లు చూపించాయి. భూభ్రమణం సమానంగా ఉండదు కాబట్టి 1972 నుంచి ఇప్పటిదాకా 27 సార్లు ప్రపంచ కాలానికి ఒక సెకను కలిపారు. మన దేశంలో అది తెల్లవారుజామున 5:29:59 తర్వాత 5:29:60గా వచ్చేది. 2012 జులై 1న అలా కలిపినప్పుడు లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌లోని ఒక లోపం బయటపడి రెడిట్ వంటి సైట్ల సర్వర్లు ఊపిరాడక నిలిచిపోయాయి. చివరిది 2017 జనవరి 1న పడింది. ఆరోజు ఇంటర్నెట్ సేవల కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్‌లో, వెబ్‌సైట్ పేరుకు చిరునామా చెప్పే డీఎన్ఎస్ ప్రోగ్రాము రెండు క్షణాల మధ్య తేడా తీస్తే మైనస్ సంఖ్య వచ్చింది, అది ఎప్పటికీ రాదనుకుని రాసిన చోట ప్రోగ్రాము కూలింది. గూగుల్ ముందుచూపుతో ఆ సెకనును ఇరవై గంటల పొడవునా పూతలా పరిచింది. ఆ పూత ఉన్న సర్వర్లనూ, లేనివాటినీ ఒకే జాబితాలో కలిపి అడిగిన యంత్రాలకు మాత్రం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది, రెండు రకాల మధ్య అర సెకను దాకా తేడా ఉంటుంది. చివరికి 2022 నవంబరులో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ, 2035కల్లా ఈ పద్ధతిని సడలించి, భూభ్రమణంతో ఇంకా పెద్ద తేడాను సహించాలని తీర్మానించింది.

ఈ ప్రమాదాల్లో చాలావాటికి మూలం, ఎంతసేపు పట్టింది అన్న ప్రశ్నకు గోడ గడియారాన్ని అడగడం. ప్రతి ఆపరేటింగ్ సిస్టమ్‌లోనూ ఎప్పుడూ వెనక్కి పోని రెండో గడియారం ఒకటుంటుంది. దానికి ఇవాళ తేదీ ఎంతో తెలియదు, ఎంతసేపు గడిచిందో మాత్రం తెలుసు. భూకంప స్టేషనులో పీకీ ఎస్‌కీ మధ్య ఎడం కొలవడం లాంటి పనులకు వాడాల్సింది దాన్నే.

రెండు యంత్రాలను పోల్చాల్సినప్పుడు ఆ గడియారం పనికిరాదు. ఊహకు ఒక వ్యాపారం తీసుకుందాం. రొయ్యల మేత డీలరుకు నెల్లూరులో ఒక గోడౌను, ఒంగోలులో ఒకటి. రెండు చోట్లా కంప్యూటర్లు ఒకే ధరల పట్టికను పంచుకుంటాయి, ఒకే వరుసను ఇద్దరూ మారిస్తే చివర రాసిందే నిలుస్తుందని నియమం. నెల్లూరు యంత్రం 400 మిల్లీసెకన్లు ముందు నడుస్తోంది. నెల్లూరులో సరిగ్గా పది గంటలకు ఒక ధర రాశారు, దాని మీద 10:00:00.400 అని ముద్ర పడింది. తర్వాత 300 మిల్లీసెకన్లకు ఒంగోలులో దాన్ని సవరించారు, ముద్ర 10:00:00.300. సాఫ్ట్‌వేర్ దృష్టిలో నెల్లూరుదే ఆఖరిది. ఒంగోలు సవరణ మాయం. ఎర్ర అక్షరాల హెచ్చరిక రాదు, ఎక్కడా ఏమీ కూలదు, నెలాఖరు లెక్కల్లో ఎవరికీ అంతుపట్టని తేడా మాత్రం మిగులుతుంది. గడియారం తప్పుల్లో ఖరీదైనవి ఇలాంటివే.

కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన పత్రం ఈ ప్రశ్నను తిరగేసింది. ఎన్ని గంటలకు అన్నది వదిలేయండి, దేనివల్ల ఏది జరగగలిగింది అన్నదే చూడండి అని దాని సారం. ప్రతి యంత్రం దగ్గరా ఒక మామూలు లెక్కింపు సంఖ్య ఉంటుంది. ఏ పని చేసినా దాన్ని ఒకటి పెంచుకుంటుంది. సందేశం పంపితే ఆ సంఖ్యనూ జతచేస్తుంది. అందుకున్న యంత్రం తన సంఖ్య, వచ్చిన సంఖ్య రెండింటిలో పెద్దదానికి ఒకటి కలిపి తనదిగా చేసుకుంటుంది. అప్పుడు కారణం సంఖ్య ఎప్పుడూ ఫలితం సంఖ్య కంటే చిన్నదే అవుతుంది. క్వార్ట్జ్ లేదు, ఉపగ్రహం లేదు. లాంపోర్ట్‌కు 2013 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు రావడానికి కారణమైన కృషిలో ఇది ముఖ్యమైనది.

ఈ పద్ధతికి ఉన్న పరిమితిని లాంపోర్ట్ ఆ పత్రంలోనే చెప్పారు. నెల్లూరు గుమాస్తా ధర మార్చి, ఒంగోలుకు ఫోన్ చేసి, ‘అన్నా, రేటు మార్చేశా, ఇక బిల్లు కొట్టు’ అన్నాడనుకోండి. ఆ మాట కంప్యూటర్ల మధ్య నడవలేదు, సంఖ్యలకు దాని సంగతి తెలియదు. బిల్లే ముందు, ధర మార్పు తర్వాత అని సిస్టమ్ తేల్చినా దాని నియమాల ప్రకారం తప్పు కాదు. మనుషులు నెట్‌వర్కు బయట మాట్లాడుకుంటూనే ఉంటారు కాబట్టి, అసలు కాలాన్ని పూర్తిగా వదిలించుకోవడం కుదరదు.

దీనికి గూగుల్ 2012లో స్పానర్ డేటాబేస్‌తో చూపించిన దారి ఇప్పటిదాకా వచ్చినవాటిలో నిజాయతీ గలదనిపిస్తుంది. అక్కడ టైము ఎంత అని అడిగితే ఒక్క అంకె రాదు. ‘ఇంతకంటే ముందు కాదు, ఇంతకంటే తర్వాత కాదు’ అని రెండు అంకెలు వస్తాయి. జీపీఎస్ రిసీవర్లు, అణు గడియారాలు పెట్టి ఆ రెండు అంచుల ఎడాన్ని చిన్నదిగా ఉంచుతారు. గూగుల్ తన పత్రంలో చెప్పిన అనిశ్చితి సాధారణంగా 1 నుంచి 7 మిల్లీసెకన్లు. ఏదైనా రాసిన తర్వాత, తాను వేసిన ముద్ర ఎవరి గడియారంలో చూసినా గతంలోకి జారిపోయిందని తేలేదాకా డేటాబేస్ కావాలనే ఆగుతుంది. ఫోన్ చేసిన గుమాస్తా సమస్య అక్కడ తీరిపోతుంది. తెలియనిదాన్ని దాచకుండా, ఆ తెలియనితనం ఎంతుందో అంతసేపు ఓపిక పట్టడం ఇందులోని కిటుకు. అణు గడియారాలు కొనే స్తోమత లేనివాళ్లకు కాక్రోచ్‌డీబీ వంటి డేటాబేస్‌లు ఉన్నాయి. అవి తప్పు 500 మిల్లీసెకన్ల లోపుంటుందని ముందే అనుకుని నడుస్తాయి. ఏ యంత్రమైనా ఆ హద్దుకు చేరువైతే అది తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది.

ఇప్పటిదాకా చెప్పింది మిల్లీసెకన్లు సరిపోయే లోకం. కృష్ణపట్నం దగ్గర నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కోటి 800 మెగావాట్ల యూనిట్లున్నాయి. అక్కడి నుంచి బయల్దేరిన కరెంటు ఏ గ్రిడ్‌లోకి పోతుందో ఆ గ్రిడ్‌కు మిల్లీసెకను చాలా ముతక కొలత. 50 హెర్ట్జ్ అంటే ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు. ఆ 20 మిల్లీసెకన్లలో తరంగం 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే ఒక్క మిల్లీసెకను తప్పుకు 18 డిగ్రీలు. రెండు సబ్‌స్టేషన్ల మధ్య కోణం తేడాను బట్టి లైను మీద ఒత్తిడిని అంచనా వేసే పరికరాలకు ఈ తప్పు ఉంటే కొలిచినా కొలవనట్టే. వాటి ప్రమాణం అనుమతించే మొత్తం తప్పు ఒక శాతం. గడియారం ఒక్కటే 32 మైక్రోసెకన్లు తప్పితే ఆ ఒక శాతం అంతా దానికే సరిపోతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిశాక, ఇక్కడి యంత్రాలన్నీ ఢిల్లీ, గువాహటి యంత్రాలతో ఒకే లయలో తిరగాలి. 2003లో అమెరికా, కెనడాల్లో పెద్ద కరెంటు కోత వచ్చినప్పుడు ఏ లైను ముందు తెగింది, ఏది తర్వాత అన్నది తేల్చడానికి దర్యాప్తు బృందం నానా అవస్థ పడింది. రికార్డు చేసే పరికరాల్లో చాలావాటి గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు.

మొబైల్ టవర్లది ఇంకా బిగువైన లెక్క. పంపడానికీ అందుకోవడానికీ ఒకే పౌనఃపున్యాన్ని వంతులవారీగా వాడే 4జీ, 5జీ పద్ధతుల్లో ప్రతి టవర్ టైమూ 1.5 మైక్రోసెకన్లకు మించి తప్పకూడదు. తప్పితే ఒక టవర్ మాట్లాడే వంతులో పక్క టవర్ వినే వంతు మొదలై, ఫోన్ల సన్నని గొంతు ఆ హోరులో కలిసిపోతుంది. ఇలాంటి చోట ఎన్‌టీపీ సరిపోదు, పీటీపీ (ప్రెసిషన్ టైమ్ ప్రోటోకాల్) కావాలి. దాని ప్రమాణం మొదట 2002లో వచ్చింది. లెక్క మళ్లీ ఆ చీటీ లెక్కే, ముద్ర కొట్టే చోటు మారింది. సాఫ్ట్‌వేర్ తీరిక చేసుకుని కొట్టే ముద్రను నమ్మకుండా, ప్యాకెట్ తీగలోకి దిగే క్షణాన నెట్‌వర్క్ చిప్ స్వయంగా కొడుతుంది. మధ్యలోని స్విచ్చులు ప్యాకెట్‌ను ఎంతసేపు ఆపాయో దాని మీదే రాస్తాయి. దారి పొడవునా ప్రతి పరికరమూ ఇందుకు ఒప్పుకోవాలి. ఖర్చంతా అక్కడే.

మరి ఆ మైక్రోసెకన్లు పుట్టేదెక్కడ? ఎక్కువగా ఆకాశంలో. జీపీఎస్‌ను జనం దారి చూపేదిగానే ఎరుగుదురు గానీ, అది ప్రాథమికంగా ఎగిరే అణు గడియారాల గుంపు. ఒక నానోసెకను తప్పితే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ ఉపగ్రహాలదీ అదే సూత్రం. 2022 ఏప్రిల్ జిల్లాల విభజన దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2013 జులై 1న వాటిలో మొదటిది వెళ్లింది. దానిలో బయటి నుంచి కొన్న రుబీడియం గడియారాలు మూడుంటే మూడూ పాడయ్యాయి. ఉపగ్రహం బాగానే ఉంది, రేడియో బాగానే ఉంది, టైము చెప్పలేకపోయింది కాబట్టి దారి చూపడానికి పనికిరాకుండా పోయింది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో దేశంలో తయారైన రుబీడియం గడియారాన్ని పెట్టారు.  ఆ ప్రయోగంలో అసలు విశేషం అదే.

ఆకాశం మీద పూర్తిగా ఆధారపడటంలో ముప్పూ ఉంది. 2016 జనవరి 26న ఒక పాత జీపీఎస్ ఉపగ్రహాన్ని వాడుక నుంచి తొలగిస్తుండగా జరిగిన పొరపాటు వల్ల, జీపీఎస్ ప్రసారం చేసే ప్రపంచ కాలం సమాచారంలో సుమారు 13 మైక్రోసెకన్ల తప్పు దొర్లింది. చాలా దేశాల్లో టెలికాం పరికరాలు గంటల తరబడి అలారాలు మోగించాయి. తీరంలో తుఫాన్ల గొడవ ఎలాగూ ఉంది. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటిది వచ్చి యాంటెన్నా విరిగి, ఫైబర్ తెగితే, టవర్‌లోని గడియారం అంతకుముందు నేర్చుకున్న వేగంతో సొంతంగా నెట్టుకురావాలి. మామూలు స్ఫటికం నిమిషాల్లో హద్దు దాటుతుంది. చిన్న ఓవెన్‌లో పెట్టి ఒకే వేడిలో ఉంచే స్ఫటికం గంటల పాటు నిలుస్తుంది. రుబీడియం అయితే ఇంకా ఎక్కువసేపు. ఎంతసేపు ఓర్చుకోవాలన్నది ఇంజినీరింగ్ ప్రశ్న కంటే ఎక్కువగా డబ్బు ప్రశ్న.

చట్టం ఈ విషయంలోకి ఆలస్యంగా అడుగుపెట్టింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు తమ యంత్రాల టైమును ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సర్వర్లతో గానీ, వాటితో ముడిపడిన సర్వర్లతో గానీ కలపాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. 2025 జనవరిలో భారత ప్రామాణిక కాలాన్ని అన్ని వ్యవహారాల్లో తప్పనిసరి చేసే నిబంధనల ముసాయిదా కూడా వచ్చింది. ఉద్దేశం మంచిదే. నేరం జరిగాక పది చోట్ల లాగ్‌లు తెచ్చి పక్కపక్కన పెడితే సంఘటనల వరుస తేలాలి కదా. అయితే ఎక్కడి నుంచి టైము తెచ్చుకోవాలో చెప్పినంత గట్టిగా, ఎంత తప్పు వరకు ఫరవాలేదో చెప్పలేదు. వేరే సర్వర్లు వాడే సంస్థల టైము వీటితో తేడా రాకూడదని 2022 ఆదేశాల్లో ఉంది. సున్నా తేడా అన్నది లోకంలో లేదు కాబట్టి ఆ వాక్యాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు అన్వయించుకుంటారు.

దీని ఫలితం కింది స్థాయిలో కనిపిస్తుంది. జీఎన్‌టీ రోడ్డు వెంట షాపుల సీసీ కెమెరాల రికార్డర్లు చాలావాటిలో బిగించిన రోజు పెట్టిన టైమే నడుస్తుంటుంది. ప్రమాదమో దొంగతనమో జరిగితే, దర్యాప్తుకు వచ్చినవాళ్లు ఫుటేజీ తీసుకునే ముందు రికార్డర్ టైమునూ ఫోన్‌లోని టైమునూ పక్కపక్కన పెట్టి తేడా రాసుకోవడం తెలివైన పని. కానీ ఇవాళ్టి తేడా సంఘటన జరిగిన రోజు తేడా కాదు. ఇరవై రోజుల కిందటిదైతే, మామూలు స్ఫటికం లెక్కనే అర నిమిషం అటూ ఇటూ అయి ఉండొచ్చు, రేకుల షెడ్డులో అయితే నిమిషం దాటొచ్చు. రెండు వాహనాల్లో ఏది ముందు మలుపు తిరిగిందన్న ప్రశ్నకు అలాంటి రెండు రికార్డర్లను పోల్చి జవాబు చెప్పడం సాహసమే. ఒకే రికార్డర్‌కు తగిలించిన రెండు కెమెరాలైతే ఇబ్బంది లేదు, గడియారం ఒకటే కాబట్టి.

సర్వర్లలో దీనికి మందు ఇప్పటికే ఉంది. లైనక్స్‌లో విరివిగా వాడే క్రోనీ ప్రోగ్రాము దగ్గర మూడు అంకెలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ప్రస్తుతం తెలిసిన తేడా, మూల గడియారం దాకా రానూపోనూ పట్టే సమయం, మధ్య అంచెల్లో పేరుకున్న అనిశ్చితి. మొదటిదానికి రెండోదానిలో సగం, మూడోది పూర్తిగా కలిపితే గరిష్ఠ తప్పు వస్తుంది. లాగ్‌లో గంట, నిమిషం, సెకను రాసే చోట ఈ నాలుగో అంకె కూడా రాస్తే, రెండు లాగ్‌లను పోల్చేవాళ్లకు ఏ జత సంఘటనల వరుస నిజంగా తేలిందో, ఏ జతది తేలలేదో తెలుస్తుంది. ప్రభుత్వ టెండర్లలో సర్వర్ మెమరీ ఎంత, డిస్క్ ఎంత అని పేజీల కొద్దీ రాస్తారు. గడియారం తప్పు ఎంతకు మించకూడదు, మించితే పరికరం ఏం చేయాలి అని రెండు వాక్యాలు వాటి పక్కన చేర్చడానికి కొత్త పరిజ్ఞానమేదీ అక్కర్లేదు.